మా మేనత్త మర్ఫీ మళ్ళీ పాడింది!

రేడియో అంటే మీలో చాలామందికి కారులో మీట నొక్కగానే గలగలా వాగే ఎఫ్.ఎం. స్టేషను. అంతే కదూ? మీ తాతగారి కాలంలో అలా కాదు. రేడియో అంటే పెట్టె! దానికో బల్ల, బల్ల మీద అల్లిక గుడ్డ, మిద్దె మీద రెండు గుంజల నడుమ రాగి జల్లెడ ఏరియల్... ఆ వైభవమే వేరు. పోస్టాఫీసులో యేటేటా లైసెన్సు కట్టి మరీ వినాలి. ఆ లైసెన్సుల గొడవ 1980ల నడిమికి అంతరించింది గానీ పెట్టెలు అంతరించలేదు. చిత్తూరులోనూ తిరుపతిలోనూ యెన్నో యిళ్ళ అటకల మీద యిప్పటికీ మూగనోము పట్టి కూర్చుని వున్నాయి.

ఈమధ్య వాటికి కొత్త యోగం పట్టింది. లోపలున్నదంతా పీకి పారేసి, ఒక బ్లూటూత్ స్పీకరు దూర్చి, ముందు హాల్లో షోకుగా పెట్టుకుంటున్నారు కుర్రకారు. ఫోన్లో పాట పెడితే పాత పెట్టెలోంచి వస్తుంది. చూడ్డానికి బాగానే వుంటుంది. కాదనను.

నా పేచీ ఆ పీకడం దగ్గరే! చాలా సెట్లకి ఆ అవసరమే లేదు. బయటినుంచి పాట లోపలికి పంపడానికి అరవై యేళ్ళ కిందటే ఆ పెట్టె వెనక ఒక దారి పెట్టి వుంచారు, తయారుచేసిన వాళ్ళే. ఆ దారి యేమిటో, అందులోంచి మేము యెలా వెళ్ళామో చెబుతాను.

పెళ్ళిలో వచ్చిన పెట్టె

మా మేనత్తది చిత్తూరు. పెళ్ళి 1964లో. అల్లుడికి చేతి గడియారమో, సైకిలో, రేడియోనో పెట్టడం అప్పటి మర్యాద. మా తాత రేడియో పెట్టారు. మర్ఫీ! మెరిసే చెక్క, ముందు బంగారు దారం నేసిన గుడ్డ, గాజు పలక మీద స్టేషన్ల పేర్లు, కింద హార్మోనియం మెట్లలాగా తెల్లటి మీటలు. మీరు హిందీ ‘బర్ఫీ!’ (2012) చూసే వుంటారు. అందులో రణబీర్ కపూర్ పాత్ర అసలు పేరు మర్ఫీ. ఆ పేరు యీ రేడియోదే. బోసినవ్వుల మర్ఫీ పాపాయి బొమ్మ ఆ రోజుల్లో కేలండర్ల మీద కూడా వుండేది.

ఆ పెట్టెని మా అత్త దాచుకున్నది చెక్క అందం చూసి కాదు. అది ఆవిడకి సినిమాహాలు. నెలకో సినిమా చూడటమే గొప్ప అయిన కోడలికి మిగతా ఇరవై తొమ్మిది రోజులూ సినిమా అందులోంచే వచ్చేది.

దీని వెనక ఒక కథ వుంది. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టలేదు. ఆకాశవాణి నుంచి వాటిని దాదాపు వెళ్ళగొట్టారు. ఇక జనం వూరుకుంటారా? ముల్లు సిలోన్ వైపు తిప్పారు! హిందీలో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా దేశాన్ని వూపేసింది. తెలుగువాళ్ళకి మీనాక్షి పొన్నుదురై గారి గొంతు యింటి మనిషి గొంతయింది. ప్రభుత్వం తప్పు తెలుసుకుని 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టింది. 1963లో కడప స్టేషను వచ్చాక సీమ వాళ్ళకి సొంత ఆకాశవాణి దొరికింది. అన్నిటికన్నా మా అత్త ప్రాణం ‘సంక్షిప్త శబ్దచిత్రం’. సినిమా మొత్తాన్ని మాటలూ పాటలతో కుదించి రేడియోలో వేసేవారు. సినిమా చూసినవాళ్ళు మళ్ళీ చూసినట్టు వినేవారు. చూడనివాళ్ళు విని, మనసులోనే చూసేవారు. మా అత్త అలా ‘చూసిన’ సినిమాలు, హాల్లో చూసినవాటికి మూడింతలు వుంటాయి!

ఆ మర్ఫీ 1990లలో మూగబోయింది. టీవీ వచ్చేసింది గనక యెవరూ పట్టించుకోలేదు. అటకెక్కింది.

రెండు షరతులు

మా అత్త మనవడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. 2015లో అక్కడ ఫాక్స్‌కాన్ వాళ్ళు ఫోన్లు బిగించడం మొదలుపెట్టినప్పటి నుంచి మనవైపు కుర్రాళ్ళకి ఫోను లోపలి భాగాలంటే యింట్లో వంటసామాను లెక్క. మనవడే రేడియో దించాడు. దుమ్ము తుడిచాడు. ఒక కొట్టుకి మోసుకెళ్ళాడు. కొట్టతను చూసి, “సాయంత్రానికి రెడీ. లోపలి సామాను తూకానికి నేనే తీసుకుంటా” అన్నాడట.

పక్కనే వున్న మా అత్త ఆ మాట విని పెట్టెని తిరిగి ఆటోలో పెట్టించింది. యింటికొచ్చాక మనవడికీ నాకూ కలిపి ఒకటే తీర్పు: “దాంట్లో పాట రావల్ల. పెట్టె అట్లే వుండల్ల. రెండూ అయ్యేదుంటే చెయ్యండి. లేదంటే అటక మీదనే పడుండనీండి.”

“అవ్వా, అది చచ్చిపోయిండాది గదా!” అన్నాడు వాడు.

“నువ్వు చూసినావా?” అంది ఆవిడ.

నిజమే. ఎవరూ చూడలేదు!

వెతగ్గా వెతగ్గా తిరుపతిలో, లీలామహల్ సర్కిలుకి కాస్త దూరంలో, ఒక పెద్దాయన దొరికాడు. డెబ్భై దాటినాయన. వాల్వు రేడియోలతో మొదలై ట్రాన్సిస్టర్లు, టేప్‌రికార్డర్లు, టీవీలు అన్నీ బాగుచేసి, యిప్పుడు మిక్సీలకి దిగాడు. (లీలామహల్ ఒకప్పటి సినిమాహాలే! సర్కిలుకి దాని పేరే నిలిచింది.) మనవడూ నేనూ చిత్తూరు నుంచి బస్సులో, డెబ్భై కిలోమీటర్లు, పసిబిడ్డలా పెట్టెని వొళ్ళో పెట్టుకుని వెళ్ళాం. పెద్దాయన వెనక అట్ట విప్పి, టార్చి వేసి చాలాసేపు చూశాడు.

“దీన్ని కోసేదానికి అరగంట చాలు సామీ. మళ్ళా అతికించేదానికి దీన్ని చేసినోళ్ళు దిగిరావల్ల. ఎందుకు కోసేది? ఒక నెల టయిమియ్యండి.”

కనపడని కత్తి

ఇక్కడ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కాస్త జాగ్రత్తగా చదవాలి. యిది పాటల కబురు కాదు, ప్రాణాల కబురు.

ఆ రోజుల్లో కొన్ని వూళ్ళలో ఏసీ కరెంటు, కొన్ని వూళ్ళలో డీసీ కరెంటు. రెండింటికీ పనికొచ్చేలా ఏసీ-డీసీ సెట్లని అమ్మేవారు. మా అత్తది అదే రకం. వాటిలో కరెంటుని దించే ట్రాన్స్‌ఫార్మరు వుండదు. అయిదు వాల్వుల ఫిలమెంట్లనీ దండలా వరసగా గుచ్చుతారు. మా సెట్టులో యు.సి.హెచ్. 81, యు.ఎఫ్. 89, యు.బి.సి. 81, యు.ఎల్. 84, యు.వై. 85. అయిదూ కలిసి సుమారు 129 వోల్టులు తీసుకుంటాయి. మిగతా 100 వోల్టుల చిల్లర ఒక లావు రెసిస్టరులో వేడిగా కాలిపోతుంది. తిరునాళ్ళ సీరియల్ దీపాల్లాగే ఒక్క వాల్వు ఫిలమెంటు తెగితే అన్నీ ఆరిపోతాయి. ‘చచ్చిపోయింది’ అని అటకెక్కించిన సెట్లలో యిలా ఒక్క వాల్వు పోయినవి బోలెడు!

అసలు ప్రమాదం యిది కాదు. ట్రాన్స్‌ఫార్మరు లేదు గనక, గోడలోంచి వచ్చే కరెంటు తీగ ఒకటి నేరుగా లోపలి యినప చట్రానికే కలిసి వుంటుంది. ప్లగ్గు తిరగేసి పెట్టారా... చట్రం మొత్తం 230 వోల్టులు! గుండీ వూడిపోయి బయటపడ్డ యినప కడ్డీ ముట్టుకున్నా చాలు. ఎవరో వీడియోలో చూపించారని ఫోన్లోంచి వైరు తీసి దీని వెనక గుచ్చితే, ఆ 230 వోల్టులూ మీ చేతిలోని ఫోను దాకా రావచ్చు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి పెద్ద కండెన్సర్లు కొంతసేపు కరెంటు దాచుకుని వుంటాయి. అంచేత వాల్వు సెట్టు తెలిసిన మెకానిక్కు లేకుండా వెనక అట్ట విప్పకండి. హీరోగారి ఫైటింగులు తెర మీద చూడ్డానికే!

పెద్దాయన మొట్టమొదట చేసిన పని 230కి 230 వోల్టులే యిచ్చే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఒకటి తగిలించడం. వోల్టేజి మారదు. కానీ గోడ కరెంటుకీ పెట్టె చట్రానికీ తీగ సంబంధం తెగిపోతుంది. సెట్టు తాగే కరెంటు యాభై వాట్ల లోపే కాబట్టి 100 వి.ఏ.ది పెట్టాడు.

తరవాత కండెన్సర్లు. వాల్వులు అరవై యేళ్ళు బతుకుతాయి గానీ కాగితం కండెన్సర్లు బతకవు. ముఖ్యంగా చివరి వాల్వు ముందుండే చిన్న కండెన్సరు ఒకటి వుంది చూశారూ... అది లీకయితే వాల్వు మాడిపోతుంది, దాని వెంట స్పీకరుకి పాటనిచ్చే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోతుంది. పది రూపాయల వస్తువు పెట్టె ప్రాణం తీస్తుందన్నమాట. అవన్నీ మార్చాడు. పాత వాటి డొల్లల్లోనే కొత్తవి దూర్చాడు, పైకి తెలీకుండా. “మీ అవ్వ తొంగిచూస్తే అంతా పాతదే కనపడల్ల గదా!” అని నవ్వాడు.

వాల్వుల్లో యు.ఎల్. 84 ఒక్కటే నీరసించింది. దాని జోడు పెద్దాయన బిస్కెట్ల డబ్బాలోనే దొరికింది. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్రతో, అట్టపెట్టెలోంచి విప్పనిది! మిగతా సరుకు కోసం నేను సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు రిచీ స్ట్రీటుకి వెళ్ళొచ్చాను. పాత వాల్వులకి వెనకటికి మూర్ మార్కెట్టు పెట్టింది పేరట. అది 1985లో కాలిపోయింది. రిచీ స్ట్రీటులో వాల్వు అంటే కుర్రాళ్ళు గ్యాసు వాల్వా అని అడిగారు!

వెనక వున్న ఆ దారి

ఇప్పుడు అసలు సంగతి. ఆనాటి రేడియోల్లో చాలావాటికి వెనక రెండు చిన్న రంధ్రాలుంటాయి. పక్కన ‘పి.యు.’ అనో, ‘గ్రామ్’ అనో రాసి, లేదంటే గ్రామఫోను బొమ్మ వేసి వుంటుంది. ముందు మీటల్లోనూ ఒకటి దానికే. యింట్లో గ్రామఫోను పళ్ళెం వుంటే, దాని ముల్లు నుంచి వచ్చే తీగ అక్కడ గుచ్చి ఆ మీట నొక్కాలి. అప్పుడు రేడియో స్టేషన్లు పట్టే సగం పక్కకి తప్పుకుంటుంది. గొంతు పెంచే సగం మాత్రం పనిచేస్తుంది. అంటే ఆ పెట్టె పుట్టుకతోనే స్పీకరు కూడా! దాన్ని స్పీకరుగా ‘మార్చడం’ యేమిటి?

గ్రామఫోను ముల్లు నుంచి వచ్చే బలమూ, బ్లూటూత్ బిళ్ళ నుంచి వచ్చే బలమూ యించుమించు ఒకటే స్థాయి. కాబట్టి గ్రామఫోను కూర్చోవలసిన చోట బ్లూటూత్ కూర్చుంది. అంతే కథ!

బ్లూటూత్ అంటే నీలి పన్ను అని అర్థం. పదో శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డ్ బిరుదు అది. ఎరిక్సన్ వాళ్ళు 1994లో మొదలుపెట్టిన పనికి ఆ పేరు తగిలించారు. వింటే విఠలాచార్య సినిమాలో మాంత్రికుడిలా లేడూ? రేడియో తరంగమే యిదీ. కాకపోతే కడప స్టేషను తరంగం పొడవు మూడొందల మీటర్ల పైమాట అయితే, దీనిది పన్నెండు సెంటీమీటర్లు. అది జిల్లాలు దాటి వస్తుంది. యిది హాలు దాటితే గొప్ప.

బిళ్ళ ఖరీదు మూడొందల లోపే. పెద్దాయన దాన్ని చెక్క పెట్టె లోపలి గోడకి, చట్రానికి దూరంగా, ఒక్క మేకు కూడా కొట్టకుండా అంటించాడు. బయటికి ఒక్క తీగ కూడా లేదు. ఫోనుకీ పెట్టెకీ మధ్య గాలే! చూశారా చమత్కారం... పాత సెట్టులోని ఆ కత్తి నుంచి కాపాడేది కూడా యీ ‘వైర్‌లెస్’ గుణమే. అయినా ఆయన తృప్తి పడక, పాట వెళ్ళే దారిలో కూడా చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరు పెట్టాడు.

ఎడమ, కుడి రెండు పాటలనీ రెండు 1 కిలో ఓము రెసిస్టర్లతో కలిపాడు. అది చెయ్యకుండా ఒక పక్కనే కలిపితే యేమవుతుందో తెలుసా? స్టీరియో పాటల్లో సగం వాయిద్యాలు మాయమవుతాయి! తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా కృష్ణగారి ‘సింహాసనం’ (1986). ఆరు ట్రాకుల స్టీరియో శబ్దంతో వచ్చింది. అలాంటి వాటిని యీ ఒంటి గొంతు పెట్టె పాడాలంటే అన్నీ ఒక గొంతులో కలపక తప్పదు.

ఇంకొక చిక్కు. బిళ్ళకి 5 వోల్టులు కావాలి. ఫోను చార్జరు పెట్టి చూస్తే పాట బాగానే వుంది గానీ మీడియం వేవు మీట నొక్కగానే తుమ్మెదల రొద! ఈ చార్జర్లూ ఎల్.ఈ.డి. బల్బులూ మీడియం వేవుకి బద్ధశత్రువులు. అంచేత చార్జరు తీసేసి, పాతకాలపు చిన్న 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన తగిన బ్రిడ్జీ, కండెన్సరు, 7805 రెగ్యులేటరు పెట్టాడు. రొద పోయింది.

మొదటి రోజు

నెలన్నాడు, అయిదు వారాలు పట్టింది. మా అత్తని తిరుపతికి తీసుకెళ్ళాం. పెద్దాయన సెట్టుకి వరసలో ఒక 100 వాట్ల బల్బు కలిపి స్విచ్చి వేశాడు. లోపల యెక్కడైనా షార్టు వుంటే బల్బు భగ్గున వెలిగి అలాగే వుండిపోతుంది. సెట్టు మాత్రం కాలదు. బల్బు ఒక్కసారి వెలిగి, మెల్లగా మసకబారింది. అందరం వూపిరి పీల్చుకున్నాం. గాజు పలక వెనక పసుపు దీపం వచ్చింది. వాల్వుల్లో నిప్పుకణికలు లేచాయి.

మనవడి ఫోను అప్పటికే కలిసింది. ఫోన్లో పాట నడుస్తోంది. పెట్టెలోంచి మాత్రం చప్పుడు లేదు! “పోయిందా?” అన్నాడు వాడు. “వాల్వులు కాగల్ల అబ్బోడా. అన్నం ఉడకద్దా?” అన్నాడు పెద్దాయన. అరనిమిషం దాటాక, గొంతు లోతులోంచి వచ్చినట్టు పాట పైకి లేచింది.

ఏ పాట అంటారా? అత్త కోరిందే. చిత్తూరు నాగయ్య గారిది, ‘త్యాగయ్య’ (1946) నుంచి. ఆయన పుట్టింది గుంటూరు జిల్లా రేపల్లెలో, ఇంటిపేరు ఉప్పలదడియం. అయినా పేరు ముందు నిలిచింది చిత్తూరే! చిత్తూరు వాళ్ళు ఆయన పేర కళాక్షేత్రం కట్టుకున్నారు. ఆ సినిమాకి దర్శకత్వం, సంగీతం కూడా ఆయనవే. అత్త మాట్లాడలేదు. స్పీకరు గుడ్డ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది, పాట అయ్యేదాకా. పెద్దాయన పక్కకి తిరిగి స్క్రూడ్రైవర్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

నిజం చెప్పాలంటే ఈ పెట్టె అన్ని పాటలకీ న్యాయం చెయ్యదు. ఘంటసాల, సుశీల, పి.బి. శ్రీనివాస్ గార్ల పాటలు, ఒంటి గొంతులో రికార్డయినవి, దీంట్లో వింటే పాడేవాళ్ళు పక్కగదిలో వున్నట్టుంటుంది. వెడల్పు కాగితం స్పీకరూ, చెక్క పెట్టే కలిసి గొంతుని ముందుకు తోస్తాయి. ఈనాటి డప్పు దెబ్బల పాటలు పెట్టారా, మా అత్త అల్మారాలో గిన్నెలు మోగుతాయి తప్ప అసలు దరువు వినపడదు. మనవడు తన హీరో పాట పెట్టి మొహం మాడ్చుకున్నాడు. అలాంటి వాటికి బజారులో దొరికే స్పీకరే మేలు. పాత పాటలు మాత్రమే కావాలి, పెట్టె లేదు అంటారా, 2017లో సరిగమ వాళ్ళు కారవాన్ తెచ్చారు గదా, అదీ వుంది.

మరి పీకడం యెప్పుడు సబబు? లోపల యెలుకలు కాపురం చేసి తీగలు కొరికేసినా, కాయిల్సు తుప్పు పట్టినా, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయినా పీకించండి. అప్పుడు కూడా నాదొక మనవి. కొత్త రంధ్రాలు కొట్టించకండి. తీసిన చట్రాన్ని తూకానికి వెయ్యకుండా ఒక గుడ్డలో చుట్టి దాచండి. అదే రకం సెట్టు యింకెక్కడో బతకడానికి అందులో ఒక్క వాల్వు చాలవచ్చు, మా యు.ఎల్. 84 లాగా! కొత్త ఆంప్లిఫయరు పెట్టేటప్పుడు పాత స్పీకరు 3 ఓములదో కాదో కొలిపించండి, తక్కువ ఓములు కొన్ని చిన్న బోర్డులు తట్టుకోవు. కరెంటుని 5 వోల్టుల అడాప్టరుతో బయటే దించండి.

మా అత్త యింట్లో యిప్పుడు ఆదివారాలు ఫోను పాటలు. మనవడు శ్రీసిటీకి వెళ్ళాక ఫోనూ వుండదు, బ్లూటూత్ లేదు. అప్పుడావిడ గ్రామ్ మీట వదిలేసి మీడియం వేవు మీట నొక్కుకుంటుంది. పీకేసిన పెట్టె అయితే ఆ ఆరు రోజులూ ఖాళీ చెక్కే కదా! పొద్దుగూకాక ఒక తమిళ స్టేషను బాగానే పలుకుతోంది. చిత్తూరు మనిషికి తమిళం అడ్డమా! షార్టువేవులో సిలోన్ కోసం చాలాసేపు వెతికింది గానీ గరగర తప్ప యేమీ తగల్లేదు. “ఏరియల్ లేక అట్లుండాది” అని ఆవిడ గట్టి నమ్మకం. మిద్దె మీద మళ్ళీ రాగి జల్లెడ ఏరియల్ కట్టాల్సిందేనని పట్టుబట్టింది. చిత్తూరులో అడిగాను, తిరుపతిలో అడిగాను, పెద్దాయన బిస్కెట్ల డబ్బాలో కూడా లేదు. మీలో యెవరి మిద్దె మీదయినా పాతది వుంటే పత్రికకి ఒక్క కార్డుముక్క రాయండి. వచ్చి విప్పుకుపోతాను!